ఆఫీసుకెళ్ళే జీఆర్86నే ట్రాక్‌కు తయారు చేసుకోవడం ఎలా?

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ప్లేనో, ఫ్రిస్కో వైపు అపార్ట్‌మెంట్ పార్కింగుల్లో కామ్రీలు, టెస్లా మోడల్ వైల మధ్య అక్కడక్కడా ఓ చిన్న రెండు తలుపుల కారు కనిపిస్తుంది. టొయోటా జీఆర్86, లేకపోతే దాని కవల సుబారు బీఆర్‌జెడ్. 2.4 లీటర్ల ఇంజిన్, 228 హార్స్‌పవర్, 1,300 కిలోల లోపు బరువు, వెనక చక్రాలకు పవర్. ఈ కారు కొన్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు రేస్ ట్రాక్ మీదికి మనసు పోతుంది. టొయోటా కూడా ఊరుకోదు. కొత్త కారుతో పాటు నాసా అనే రేసింగ్ సంస్థలో ఏడాది సభ్యత్వం, అందులో ఒక ట్రాక్ శిక్షణ రోజు ఉచితంగా ఇస్తుంది. రాకెట్లు పంపే నాసా కాదు, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్.

టెక్సస్‌లో ట్రాక్‌లకు కొదవ లేదు. డాలస్ వాళ్ళకి క్రెసన్‌లో మోటార్‌స్పోర్ట్ రాంచ్ ఉంది, హ్యూస్టన్ వాళ్ళకి యాంగిల్టన్‌లో మరొకటి. ఆస్టిన్‌లో ఫార్ములా వన్ జరిగే సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ ఉంది. దాన్ని అందరూ కోటా అంటారు.

ఇక్కడ చెప్పేదంతా ఒక్క షరతు మీద నడుస్తుంది: శని, ఆదివారాలు ట్రాక్ మీద తిరిగిన కారే సోమవారం పొద్దున మిమ్మల్ని ఆఫీసుకు తీసుకెళ్ళాలి. ట్రైలర్ మీద తెచ్చుకునే రేస్ కారు సలహాలు దీనికి పనికిరావు. అందుకని ఏ మార్పు చేసేముందైనా రెండు ప్రశ్నలు వేసుకోండి. ట్రాక్ మీద ముందుగా చేతులెత్తేసే భాగం ఇదేనా? మార్చాక సోమవారం దీనితో బతకగలనా?

ముందు కాగితాలు

బోల్ట్ విప్పకముందే మీ ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి. చాలా పాలసీల్లో రేస్ ట్రాక్ మీద జరిగిన నష్టానికి కవరేజీ లేదని స్పష్టంగా రాసి ఉంటుంది. "ఇది రేస్ కాదు, శిక్షణ" అని వాదించినా, ట్రాక్ ఆవరణ అన్న మాట పాలసీలో ఉంటే అది నిలవదు. కారు మీద ఇంకా లోన్ ఉంటే లెక్క మరీ కష్టం. కారు గోడకు కొట్టుకుని తుక్కయినా నెలనెలా కిస్తీ మాత్రం ఆగదు. ట్రాక్ రోజుకు విడిగా ఇన్సూరెన్స్ అమ్మేవాళ్ళున్నారు, హాగర్టీ, లాక్టన్ లాంటివి. కారు విలువ మీ జేబుకు భారమైతే అది తీసుకోకుండా వెళ్ళొద్దు.

వారంటీ గురించి జనం రెండు రకాలుగా పొరబడతారు. ఏ భాగం మార్చినా వారంటీ మొత్తం పోతుందని కొందరు, చట్టం ఉంది కాబట్టి ఏం చేసినా కంపెనీ బాగుచేయాల్సిందేనని మరికొందరు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం వేరే కంపెనీ భాగం వాడారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయకూడదు, ఆ భాగం వల్లే చెడిందని చూపాలి. కానీ ట్రాక్ మీద వాడడం వల్లే ఇంజిన్ పోయిందని వాళ్ళంటే, ఆ పోట్లాట నెలల తరబడి సాగుతుంది. పెట్టుకునే ఓపిక మీకుందా అన్నది మీరే చూసుకోండి.

బ్రేకులు: మొదటి డాలర్ ఇక్కడే

ఎగ్జాస్ట్ మార్చాలనే దురద అందరికీ ఉంటుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. కోటాలో 11వ మలుపు దాటాక దాదాపు కిలోమీటరు పైన స్ట్రెయిట్ వస్తుంది. దాని చివర గంటకు 120 మైళ్ళ దరిదాపుల నుంచి 12వ మలుపు కోసం ఒక్కసారిగా బ్రేక్ తొక్కాలి. ల్యాప్‌కొకసారి, ఇరవై నిమిషాల పాటు. ఆఫీసుకు వెళ్ళే దారిలో బ్రేకులు ఏడాది మొత్తంలో చూడని వేడిని ఒక్క సెషన్‌లో చూస్తాయి.

అందులో మొదట లొంగిపోయేది బ్రేక్ ఫ్లూయిడ్. అది మరిగితే లైనులో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. అప్పుడు పెడల్ నేల దాకా దిగిపోతుంది, కారు ఆగదు. డాట్ 3 అనే రకం ఫ్లూయిడ్ కనీస మరుగు స్థానం తాజాగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్, కొంత తేమ పీల్చాక 140. ట్రాక్‌కు వెళ్ళేవాళ్ళు ఎక్కువగా వాడే మోటుల్ ఆర్‌బీఎఫ్ 600కు తాజాగా 312 డిగ్రీలు. క్యాస్ట్రాల్ ఎస్ఆర్ఎఫ్ బాగా ఖరీదు, కానీ తేమ పట్టాక కూడా 270 దాకా తట్టుకుంటుంది. ఏడాదికి రెండు మూడు ట్రాక్ రోజులకు మించి వెళ్ళరనుకుంటే మోటుల్ చాలు. ఏది పోసినా, ఆ సీజన్ మొదట్లో పాతదంతా బయటికి తోసి కొత్తది నింపండి. సిలికాన్ రకం డాట్ 5 జోలికి మాత్రం పోవద్దు. పేరులో ఒక అంకె ఎక్కువుందని అది మెరుగైనది కాదు, మీ బ్రేక్ వ్యవస్థకు సరిపడదు.

బ్లీడింగ్, అంటే లైనులోని పాత ఫ్లూయిడ్‌ను, గాలిని బయటికి తోసేయడం, ఇంట్లోనే చేసుకోవచ్చు. పెడల్ తొక్కడానికి ఒక మనిషి, చక్రం దగ్గర బ్రేకు మీదుండే నిపుల్‌కు ఒక పారదర్శకమైన గొట్టం, ఓ ఖాళీ సీసా ఉంటే పని అవుతుంది. చక్రాల వరుస సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నట్టే పాటించండి. రిజర్వాయర్ మధ్యలో ఖాళీ అయితే లైనులోకి గాలి పోతుంది, మళ్ళీ మొదటికొస్తారు. గరాజ్ నేల మీద గానీ పెయింట్ మీద గానీ ఒలికితే వెంటనే నీళ్ళతో కడగండి, రంగు లేచిపోతుంది.

తర్వాత ప్యాడ్స్. ఇక్కడే సోమవారం ప్రశ్న అడ్డొస్తుంది. అసలైన ట్రాక్ ప్యాడ్స్ వేడెక్కితే తప్ప సరిగ్గా పట్టవు. జనవరి చలిలో పార్కింగ్ నుంచి బయటికొస్తూ మొదటి సిగ్నల్ దగ్గర అవి మిమ్మల్ని భయపెడతాయి, పైగా డ్రైవ్ త్రూలో ఆగేసరికి కీచుమని ఊరంతా వినపడతాయి. వాటి పొడి తడిస్తే చక్రాల రంగు తినేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఫెరోడో డీఎస్2500 లాంటి మధ్యరకం ప్యాడ్స్ వేసుకుంటే రెండు చోట్లా నడిచిపోతుంది. మీ వేగం పెరిగి అవి కూడా చాలకపోతే, అప్పుడు ట్రాక్ ప్యాడ్స్ ఒక జత విడిగా కొని శుక్రవారం రాత్రి మార్చుకోవడం నేర్చుకోండి. అలవాటైతే గంటన్నర పని.

కొత్త ప్యాడ్స్‌ను నేరుగా ట్రాక్ మీదికి తీసుకెళ్ళకూడదు. ఖాళీ రోడ్డు మీద 60 మైళ్ళ వేగం నుంచి 10 దాకా గట్టిగా బ్రేక్ వేస్తూ, పూర్తిగా ఆగకుండా మళ్ళీ వేగం అందుకుంటూ, ప్యాడ్ కంపెనీ చెప్పినన్ని సార్లు చేయండి. తర్వాత బ్రేక్ తాకకుండా కొన్ని మైళ్ళు నడిపి చల్లారనివ్వండి. దీంతో డిస్క్ మీద ప్యాడ్ పదార్థం సమానంగా ఒక పొరలా పరుచుకుంటుంది. ఈ పని వదిలేసినవాళ్ళే తర్వాత "డిస్క్ వంగిపోయింది, స్టీరింగ్ వణుకుతోంది" అంటుంటారు. చాలాసార్లు వంగింది డిస్క్ కాదు, ఆ పొర ఎగుడుదిగుడుగా అంటుకుందంతే. డిస్కులు మార్చాల్సి వస్తే రంధ్రాలున్నవి కాకుండా మామూలు నున్నటివి కొనండి. రంధ్రాల దగ్గర పగుళ్ళు మొదలవుతాయి, మీకు దాని వల్ల ఒరిగేదీ లేదు.

2024 నుంచి పెర్ఫార్మెన్స్ ప్యాకేజీతో వచ్చిన కార్లకు ముందు నాలుగు పిస్టన్ల బ్రెంబో బ్రేకులున్నాయి. అవి ఉన్నా ఫ్లూయిడ్ మార్చకుండా వెళ్ళొద్దు.

టైర్లు, అలైన్‌మెంట్

జీఆర్86లో ప్రీమియం అనే రకానికి కంపెనీ ఇచ్చే 215 సైజు మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4తోనే మొదటి ఒకటి రెండు ట్రాక్ రోజులు గడిపేయండి. పట్టు మరీ ఎక్కువైన టైర్లు మీ తప్పులు దాచేస్తాయి. మామూలు టైర్ జారేముందు అరుస్తుంది, నెమ్మదిగా జారుతుంది, ఎక్కడ ఎక్కువ తొక్కారో మీకే తెలుస్తుంది. అది నేర్చుకున్నాక ఈ కారుకు అందరూ వాడే సైజు 17 బై 9 అంగుళాల చక్రం మీద 245/40 టైరు. 200 ట్రెడ్‌వేర్ అంకె (ఎంత తక్కువైతే అంత త్వరగా అరుగుతుందని అర్థం) ఉన్న బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా ఏ052 లాంటివి జిగురులా పట్టుకుంటాయి, అంతే త్వరగా అరిగిపోతాయి. రోజూ వాటి మీదే తిరిగితే ఆఫీసు రోడ్డుకే సగం డబ్బు ధారపోసినట్టు. రెండో సెట్ చక్రాలు పెట్టుకునే చోటుందా? అపార్ట్‌మెంట్‌లో ఉంటే బాల్కనీ గురించి ఇంట్లోవాళ్ళతో ముందే మాట్లాడుకోండి.

చక్రానికి బోల్ట్ ప్యాటర్న్ 5x100 (ఐదు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వలయం మీద) అని చూసుకుని కొనాలి. నట్లు టార్క్ రెంచ్‌తోనే బిగించండి, ఈ కారుకు 89 పౌండ్-అడుగులు, అంటే 120 న్యూటన్ మీటర్లు. ప్రతి సెషన్ తర్వాతా చక్రం చల్లారాక మళ్ళీ చూడాలి.

గాలి విషయంలో రోడ్డు అలవాటు మర్చిపోవాలి. ట్రాక్ మీద టైరు వేడెక్కి లోపలి ప్రెషర్ 5, 6 పీఎస్ఐ దాకా పెరుగుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 28, 29తో మొదలుపెట్టి, సెషన్ నుంచి రాగానే కొలిచి, 33, 34 దగ్గర ఉండేలా తగ్గిస్తూ పోండి. సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు మళ్ళీ తలుపు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్నంత నింపాలి. చాలామంది అలసటలో మర్చిపోయేది ఇదే.

తక్కువ ఖర్చులో ఈ కారును బాగా మార్చేది అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సర్దుబాటు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ముందు చక్రాలకు క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలే కోణం, దాదాపు ఉండదు. మలుపులో కారు ఒరిగినప్పుడు టైరు బయటి అంచు మీదే భారమంతా పడి, ఒక్క రోజులో ఆ అంచు గుండ్రంగా అరిగిపోతుంది. క్యాంబర్ బోల్టులు వేయిస్తే ముందు మైనస్ 1.5 నుంచి 2 డిగ్రీల దాకా వస్తుంది. మైనస్ 3 కావాలంటే పైన క్యాంబర్ ప్లేట్లు వేయాలి. అప్పుడు రోడ్డు మీది ప్రతి గతుకూ మీ చెవిలో మోగుతుంది. రోజూ నడిపే కారుకు ముందు మైనస్ 2 నుంచి 2.5, వెనక మైనస్ 2 దగ్గర ఆపేయండి. క్యాంబర్ వల్ల రోడ్డు మీద టైర్లు పాడైపోతాయని భయపెడతారు, నిజానికి వాటిని తినేసేది టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం. ముందు టో సున్నా, వెనక చాలా కొద్దిగా లోపలికి ఉంచమని షాపు వాళ్ళకు కాగితం మీద రాసివ్వండి. "స్పెక్‌లో ఉంది, ముట్టుకోనక్కర్లేదు" అనే షాపైతే వేరేది వెతుక్కోండి.

కాయిలోవర్ల (ఎత్తు సర్దుకోగలిగే స్ప్రింగు, డ్యాంపర్ జతల) గురించి అడుగుతారు కాబట్టి ఒక్క మాట: ఇప్పుడే వద్దు. చవక రకం కన్నా కంపెనీ డ్యాంపర్లే నయం, మంచి రకం ధరతో మీరు చాలా ట్రాక్ రోజులు తిరగొచ్చు.

ఆయిల్: ఈ ఇంజిన్ బలహీనత

ఈ కారులోని ఎఫ్ఏ24 అడ్డంగా పడుకున్న ఇంజిన్, సిలిండర్లు రెండు వైపులా చదునుగా ఉంటాయి. దానివల్ల కారు బరువు కిందికి ఉండి మలుపులు హాయిగా తిరుగుతుంది. కానీ పొడవాటి కుడి మలుపుల్లో, పట్టున్న టైర్లతో వేగంగా తిరిగినప్పుడు, ఆయిల్ ఓ పక్కకు చేరిపోయి పంపు నోటికి సరిగ్గా అందదు, ప్రెషర్ పడిపోతుంది. కోటాలో 16, 17, 18 మలుపులు కలిసి ఒకే పెద్ద కుడి మలుపులా సాగుతాయి. సరిగ్గా ఈ ఇబ్బంది బయటపడే చోటు అది.

డాష్‌బోర్డులో ఆయిల్ టెంపరేచర్ కనిపిస్తుంది గానీ ప్రెషర్ అంకె కనిపించదు. ఎర్ర దీపం వెలిగేసరికి ఆలస్యం అయిపోతుంది. అందుకే జిగురు టైర్లు కొనే రోజునే ఒక ఆయిల్ ప్రెషర్ గేజ్ కూడా కొనండి. ఈ రెండూ జంట. మామూలు టైర్లతో మలుపుల్లో అంత బలం పుట్టదు కాబట్టి ప్రమాదం తక్కువ, పట్టు పెంచేకొద్దీ ముదురుతుంది. ఆయిల్ డిప్‌స్టిక్ పై గీత దగ్గరే ఉంచండి, ప్రతి సెషన్ తర్వాత చూడండి. ఆయిల్ పాన్‌లో బాఫిల్ (ఆయిల్ పక్కకు పరిగెత్తకుండా ఆపే అడ్డు పలక) వేస్తే కొంత మేలు, అదొక్కటే పూర్తి మందు కాదు. ప్రెషర్ తగ్గినప్పుడు నిల్వ ఆయిల్‌ను లోపలికి తోసే యాక్యూసంప్ లాంటిది దానికన్నా నమ్మకం, ఖర్చూ శ్రమా కూడా ఎక్కువే. పాన్ విప్పినప్పుడు ఆయిల్ పీల్చే గొట్టం జల్లెడలో సీలెంట్ ముక్కలు చిక్కుకున్నాయేమో చూడడం మర్చిపోవద్దు. ఈ ఇంజిన్లలో చాలామందికి కనిపించిన సంగతే ఇది.

ఇక వేడి. టెక్సస్ వేసవిలో బయట వంద ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు ఆయిల్ టెంపరేచర్ 260 ఫారెన్‌హీట్ వైపు పోతుంటే ఆ ల్యాప్ నెమ్మదిగా నడిపి లోపలికొచ్చేయండి. వేసవిలో తరచూ వెళ్ళేవాళ్ళకు గాలితో చల్లబడే ఆయిల్ కూలర్ అవసరమే. థర్మోస్టాట్ ఉన్న రకమే కొనండి, లేకపోతే చలికాలంలో ఆఫీసు చేరేదాకా కూడా ఆయిల్ వేడెక్కదు. పెట్రోల్ ట్యాంకు సగం కన్నా తగ్గనివ్వొద్దు, పొడవాటి మలుపుల్లో ఇంధనం అందక ఇంజిన్ ముక్కుతుంది.

హెల్మెట్, బెల్టు

హెల్మెట్ మీద స్నెల్ అనే భద్రతా పరీక్షల సంస్థ ఇచ్చే ఎస్ఏ 2020 లేదా ఎస్ఏ 2025 ముద్ర ఉండాలి, ఎస్ఏ అంటే కారు రేసింగ్ రకం. మోటార్‌సైకిల్ కోసం చేసిన ఎం రకం చాలా క్లబ్బులు ఒప్పుకోవు, దానికి మంట తట్టుకునే పరీక్ష ఉండదు.

నాలుగు, ఐదు పట్టీల హార్నెస్ చూడ్డానికి బాగుంటుంది, కానీ అది సగం సగం చేసే పని కాదు. హార్నెస్ ఒంటిని సీటుకు నిటారుగా కట్టేస్తుంది. కారు బోల్తా పడి పైకప్పు కిందికి దిగితే, మామూలు బెల్టుతో ఒరిగే వీలున్న మనిషి హార్నెస్‌తో ఒరగలేడు. కాబట్టి హార్నెస్ అంటే దానితో పాటు రోల్ బార్ (బోల్తా పడినప్పుడు పైకప్పు నలగకుండా కాచే ఇనుప కమ్మీ), సరైన రేసింగ్ సీటు, మెడను కాపాడే హాన్స్ పరికరం, అన్నీ కావాలి. రోల్ బార్ వేస్తే వెనక సీటు పిల్లలకు పనికిరాదు, ఆ ఇనుము తలకు తగిలితే హెల్మెట్ లేని మామూలు రోజుల్లో అదే ప్రమాదం. అందుకే ఈ కారులో కంపెనీ మూడు పాయింట్ల బెల్టు, ఎయిర్‌బ్యాగులు అలాగే ఉంచేయమంటాను.

పవర్ సంగతి

228 హార్స్‌పవర్ చాలదని మీకు అనిపిస్తే, శిక్షకుణ్ణి ఓసారి మీ కారు నడపమని అడిగి పక్కన కూర్చోండి. సంగతి అర్థమవుతుంది. ఈ కారులో పొగను శుభ్రం చేసే మొదటి కేటలిటిక్ కన్వర్టర్, ఇంజిన్‌కు తగిలించే ఎగ్జాస్ట్ మొదటి భాగమైన హెడర్‌లోనే ఉంటుంది, హెడర్ మార్చి దాన్ని తీసేస్తే రోడ్డు మీద నడపడం ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత కార్లకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతాల కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళయితే ఇంజిన్ దగ్గర పెట్టే భాగానికి కార్బ్ (ఆ రాష్ట్ర వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) అనుమతి నంబరు ఉందో లేదో చూసే కొనాలి. అక్కడి లగూనా సెకా ట్రాక్‌లో చాలా రోజుల్లో శబ్దం 90 డెసిబెల్స్ దాటితే బయటికి పంపేస్తారు. మోతెక్కువ ఎగ్జాస్ట్ కొన్నవాళ్ళకి అక్కడ పొద్దున్నే ఇంటిదారి.

ఆ రోజు

ముందు రాత్రి కారు పూర్తిగా ఖాళీ చేయండి. ఫ్లోర్ మ్యాట్లు, టోల్ ట్యాగ్, చార్జింగ్ కేబుళ్ళు, పిల్లల కార్ సీటు, డాష్‌బోర్డు మీది చిన్న వినాయకుడు, అన్నీ బయటికి. అంటించిన విగ్రహం కూడా గట్టి బ్రేక్‌కు ఊడి పెడల్ కిందికి దొర్లొచ్చు, స్వామిని బ్యాగులో పెట్టి ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే చోట) ఉంచండి. బ్యాటరీ కదలకుండా ఉందా, బ్రేక్ లైట్లన్నీ వెలుగుతున్నాయా, కింద ఎక్కడా కారడం లేదా చూడండి. పొద్దున తనిఖీలో వాళ్ళు చూసేవీ ఇవే. నంబర్ అంటించడానికి నీలం పెయింటర్స్ టేప్ చాలు.

కొత్తవాళ్ళకి పక్కన శిక్షకుడు కూర్చుంటాడు. ముందున్న కారు చేయి చూపితేనే దాటాలి, అదీ చెప్పిన చోట్లలోనే. ట్రాక్షన్ కంట్రోల్ పూర్తిగా తీసేయొద్దు, ట్రాక్ మోడ్‌లో కారు కొంచెం జారనిచ్చి తర్వాత పట్టుకుంటుంది. మొదటి రోజు అది చాలు. ఆఖరి ల్యాప్ బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ నెమ్మదిగా నడపండి. ప్యాడాక్‌లో ఆపాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, వేడి మీద అది అతుక్కుపోవచ్చు. గేర్‌లో వదిలి చక్రానికి అడ్డు పెట్టండి. నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ దాహం వేయకముందే తాగుతూ ఉండాలి. మధ్యాహ్నం పులిహోర కడుపునిండా లాగించారంటే తర్వాతి సెషన్‌లో రెప్పలు వాలతాయి.

సాయంత్రం ఆఖరి సెషన్‌కు ఒంట్లో ఓపిక లేదనిపిస్తే మానేయండి, డబ్బులు పోయినా సరే. ఇంటికి బయల్దేరేముందు పెడల్ తొక్కి చూడండి. మెత్తగా అనిపిస్తే అక్కడే బ్లీడ్ చేసుకోవాలి, హైవే ఎక్కకూడదు. ఆ వారంలో ప్యాడ్ మందం, టైరు అంచులు, ఆయిల్ చూసి రాసిపెట్టుకోండి.

హైదరాబాద్ నుంచి అడిగేవాళ్ళకు

అక్కడి తమ్ముళ్ళు ఇవన్నీ మన కార్లకు చేయొచ్చా అని అడుగుతుంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అందుకని మంచి ఫ్లూయిడ్, మంచి ప్యాడ్స్, కంపెనీ సైజులోనే మెరుగైన టైర్లు, సరైన అలైన్‌మెంట్ దగ్గర ఆగండి. పోలో జీటీ అయినా ఐ20 ఎన్ లైన్ అయినా వీటితోనే హాయిగా తిరుగుతుంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నాయి. బయల్దేరేముందు నిర్వాహకులతో హెల్మెట్ నియమం, ట్రాక్ మీద తోడు శిక్షకుడు ఉంటాడా లేదా అన్నవి కనుక్కోండి. స్టెప్నీ ఇంట్లో వదిలేసి బరువు తగ్గిద్దామని మాత్రం చూడొద్దు, హైదరాబాద్ నుంచి చెన్నై ఆరు వందల కిలోమీటర్ల పైమాటే.